‘పుష్పవిశేషము’ – కావ్యోద్యానమును గూర్చి యొక విమర్శ

కావ్యమును జదువు విద్యార్థి ‘కుందము’ అను శబ్దమున కర్థ మడిగినచో మన టీకాగ్రంథములలోఁ దఱచుగా లభించు సమాధానము ‘పుష్పవిశేషము’ అనునది. ‘వకుళ’ మనఁగా ‘వృక్షవిశేషము’. ‘యూథిక’ యనఁగా ‘లతావిశేషము’. ఈ వివరణమున నసత్య మేమియు లేదు. కాని యందు ‘విశేష’ మను మాట కలదే కాని విశేషము మాత్రము లేదు. కుందమును మల్లికనుండియు, మల్లికను మాలతినుండియు వేఱుచేసి చూపు లక్షణ మేదియో దానినే యీ వివరణము విడిచిపెట్టుచున్నది. తత్ఫలితముగాఁ బ్రబంధములలోని యుద్యానవర్ణనము విద్యార్థి కొక పేరుల పట్టికగాఁ దోఁచును. అతఁడు పట్టికను వల్లించును, పరీక్షలో వ్రాయును. ఆ పద్యమునఁ గవి యా పూవునే యేల కోరెనో, మఱియొక పూవు నేల కోరలేదో యతనికిఁ దెలియదు.

సుగంధపుష్పములు మన కావ్యములందు వట్టి యలంకారములే యైనచో నీ లోపము స్వల్ప మని విడిచిపెట్టవచ్చును. కాని యట్లు కాదు. మన మహాప్రబంధములలో సౌరభము కథనే నడపుచున్నది. మనుచరిత్రమున హిమగిరిపై దారి తప్పిన ప్రవరునకు మనుష్యసంచారము కలదని తెలియఁజేసినది కంటి కగపడిన వస్తువు కాదు. కస్తూరి కప్పురపుఁదాంబూలముల పరిమళమును మోసికొని వచ్చిన గాలి. పారిజాతాపహరణమున నొక్క పూవు రుక్మిణి కొప్పునఁ జేరుటచేత సత్యభామ యలుక పుట్టినది, కృష్ణుఁ డింద్రునితోఁ బోరవలసి వచ్చినది. ఆముక్తమాల్యద యను పేరే ముడిచి విడిచిన పూలదండనుండి వచ్చినది. విల్లిపుత్తూరి విష్ణుచిత్తుని పూఁదోఁట లేనిచో నా కథయే లేదు. ఇట్టి గ్రంథములను బాఠము చెప్పుచుఁ బూవునకు ‘పూవు’ అని యర్థము చెప్పి ముందునకుఁ బోవుట, యుద్ధకావ్యమును బాఠము చెప్పుచు ధనుస్సునకు ‘ఆయుధవిశేషము’ అని చెప్పి యూరకుండుట వంటిది.

కవి పూవును బేర్కొన్నపుడు నాలుగు సంగతులు విచారింపఁదగినవి: అది యే ఋతువునఁ బూచును; ఏ వేళ విరియును; పొదయా, తీఁగెయా, చెట్టా; దాని గంధ మెట్టిది. ఈ నాలుగింటిలో నేది యే పద్యమునకుఁ బ్రాణమో నిర్ణయించుట వ్యాఖ్యాత పని. తోఁట యెఱుఁగక యీ నిర్ణయము చేయుట యసాధ్య మనియు, తోఁట నొక్కదానినే నమ్మినను బొరపాటు కలుగు ననియు నీ వ్యాసమునఁ గొన్ని యుదాహరణములతో నిరూపింప యత్నించెదను.

ఈ విషయమున మనకు మార్గదర్శకుఁడు మన దేశమువాఁడే కలఁడు. మెదకు సీమకుఁ జెందిన కోలాచల మల్లినాథసూరి మేఘసందేశమునకు వ్రాసిన సంజీవనిని జూడుఁడు. ఉత్తరమేఘమునఁ గాళిదాసు అలకాపురస్త్రీల పుష్పాలంకారమును వర్ణించెను. చేతఁ గమలము, కురులఁ గుందము, మోమున లోధ్రపరాగము, కొప్పునఁ గురవకము, చెవిని శిరీషము, పాపట నీపకుసుమము. కమలము శరత్తునకు, కుందము హేమంతమునకు, లోధ్రము శిశిరమునకు, కురవకము వసంతమునకు, శిరీషము గ్రీష్మమునకు, నీపము వర్షర్తువునకుఁ జెందినవి. ఆ నగరమున ఋతువు లొకదానివెంట నొకటి వచ్చుట లేదు, ఆఱును నేకకాలముననే వసించుచున్న వని కవి చెప్పక చెప్పినాఁడు. మల్లినాథుఁడు దానిని గుర్తించి, యీ పుష్పములు చెప్పఁబడుటచేత సర్వర్తుసమాహారము సిద్ధించుచున్న దని విప్పి చెప్పెను. ఆఱుమాఱులు ‘పుష్పవిశేషము’ అని వ్రాసి యూరకున్నచో నీ శ్లోకమున మిగులున దేమి? ఆఱు పూవులు పెట్టుకొన్న యాఁడుది మాత్రమే.

మల్లినాథుఁ డింతటితో నాఁగలేదు. ఆయనకే యొక సందేహము పుట్టినది. అమరసింహుఁడు కుందమునకు ‘మాఘ్య’ మని నామాంతరము చెప్పెను. మాఘమాసము శిశిరర్తువులోనిది. మఱి కుందమును హేమంతమునకుఁ జెప్పుట యెట్లు? దీనికి మల్లినాథుఁడు చెప్పిన సమాధానము స్మరింపఁదగినది: కుందము హేమంతమునఁ బొడసూపును, శిశిరమునఁ బ్రౌఢి నందును, అవస్థాభేదముచేత రెండును బొసఁగును. ఇది కోశమును గాదనలేదు, కవినిఁ దప్పుపట్టలేదు. మొల్లపొద మొదటిమొగ్గ తొడిగిన నాఁటినుండి నిండుగాఁ బూచువఱకుఁ జూచినవాఁడు చెప్పఁదగిన సమాధానము. వ్యాఖ్యాతకుఁ దోఁట యెంత యవసరమో తెలుపుట కింతకంటె మంచి నిదర్శనము దొరకదు.

కుందమే మన మొల్ల. రామాయణము రచించిన ఆతుకూరి మొల్ల పే రీ పూవుదే. మల్లె కున్నంత వాసన మొల్లకు లేదు. దీని గొప్ప తెలుపునందును మొగ్గ తీరునందును గలదు. అందువలననే కవులు పలువరుసకుఁ గుందముకుళములను బోల్చిరి. దంతములకు మల్లికాముకుళములను బోల్చిన నేమి యని విద్యార్థి యడిగినచో, మల్లె పేరు విన్నతోడనే మనస్సు పరిమళమువైపుఁ బోవు ననియు, కుందము పేరు వినఁగా దృష్టి తెలుపునందే నిలుచు ననియుఁ జెప్పవచ్చును. ఇట్లు పూవు నెఱిఁగినచో నుపమానౌచిత్యము తనంతఁ దానే తెలియును.

కోశకారులనుఁ గేవలశబ్దసంగ్రాహకు లని తేలికగాఁ జూడరాదు. అమరకోశపు వనౌషధివర్గమున మల్లికకుఁ జెప్పఁబడిన పేరులలో ‘భూపది’ యనియు ‘శీతభీరువు’ అనియు రెండు కలవు. మొదటిది నేల నంటి పెరుఁగు మొక్క యని యాకృతిని దెలుపుచున్నది. రెండవది చలికి భయపడున దని ఋతువును దెలుపుచున్నది. కుందము మాఘ్యము, మల్లిక శీతభీరువు. ఈ రెండు నామములను బ్రక్కప్రక్కను నిలిపి చూపినచోఁ జలికాలపుఁ బూవేదో వేసవి పూవేదో పదేండ్ల బాలునకుఁ దెలియును. ఇంత సంగతి పేరులోనే యిమిడియుండఁగా ‘పుష్పవిశేషము’ అని చెప్పుట కోశమును జదివి కోశమునే మఱచుట యగును.

ఇఁక మల్లికను గూర్చి యొక చిక్కుప్రశ్న కలదు. సంస్కృతభాగవతమున రాసక్రీడాఘట్టపు మొదటి శ్లోకమున శరద్రాత్రులు విరిసిన మల్లికలతోఁ గూడియున్నట్లు చెప్పఁబడినది. మల్లె వేసవికి రాణి. చైత్రవైశాఖములలో నిండుగాఁ బూచి వర్షములు ముదిరినకొలఁది తగ్గును. శరత్తునాఁటి కక్కడక్కడ నొకటి రెండు పూవులు తప్పఁ దోఁట తెల్లఁబడునంత పూత యుండదు. కాఁబట్టి యీ శ్లోకమునకు రెండర్థములు చెప్పవచ్చును. మల్లిక యనఁగా నిచ్చటఁ దెల్లని సుగంధపుష్పజాతి యని సామాన్యార్థము చెప్పుట యొకటి. అకాలమున మల్లె పూచుట భగవత్సంకల్పమువలన జరిగిన యద్భుత మని చెప్పుట రెండవది.

నాకు రెండవదే సమంజసముగాఁ దోఁచుచున్నది. దీనికిఁ గారణము భక్తి యొక్కటియే కాదు, గ్రంథమే ప్రమాణము. ఆ వెనుకటి యధ్యాయమున గోపికలు కృష్ణుని వెదకుచు మాలతిని, మల్లికను, జాతిని, యూథికను వేర్వేఱుగా సంబోధించిరి. నాలుగు విధములైన పూఁదీఁగెలను బేరుపేరున విడఁదీసి పిలుచు నట్టి గ్రంథకర్త మొదటి శ్లోకమున మాత్రము వాని నన్నిఁటిని గలిపి మల్లిక యని యుండునా? అతఁడు పూవుల నెఱిఁగినవాఁడు. ఎఱిఁగియే శరత్తున మల్లికను బూయించెను. ఆ రాత్రులు లోకపు రాత్రులు కావని తెలియుటకు మొదటి గుఱుతు కాలము తప్పి పూచిన మల్లెయే. మల్లె వేసవిపూ వని యెఱుఁగని చదువరి కీ గుఱుతు గోచరింపదు. అద్భుతము నతఁడు సామాన్యవర్ణన మనుకొని దాఁటిపోవును.

పోతనామాత్యుఁ డీ ఘట్టమును దెలుఁగు చేయుటయందుఁ జూపిన వివేకము గమనింపఁదగినది. అతని గోపికలు రెండు తీరుల వెదకుదురు. సీసపద్యమునఁ బున్నాగము, తిలకము, చందనము, కుందము మున్నగువానిని బేరుపేరునఁ బిలిచి, యా పేరుతోనే యమకముగాఁ బొసఁగు విశేషణము కృష్ణునకుఁ గూర్చి యడుగుదురు. అచ్చటఁ జెట్టుపేరు ధ్వనికై వచ్చినది. దాని పూత, వేళ, వాసన యేవియుఁ బద్యమున కక్కఱలేదు. అట్టిచోట ‘వృక్షవిశేషము’ అని చెప్పినను రసహాని లేదు. కాని యాంధ్రదేశమంతయుఁ గంఠస్థము చేసిన యుత్పలమాలలోఁ బోతన తీఁగెల పేరులను దొంతరగాఁ బేర్చక, యొక్క మల్లెలనే పిలిపించెను. ఏల? నల్లనివాని నడుగునది తెల్లని పూవును, అడుగుచోటు వెన్నెలరేయి, దాఁగుటకుఁ దగినది పొద. మల్లె పొదయగుటయు, పూవు తెల్లనగుటయు నా పద్యమునకుఁ బ్రాణములు. నలుపు తెలుపుల యెదురెదురు నిలుచుటచేతనే యా ప్రశ్న యంత యమాయికముగాను, నంత యార్తిగాను వినఁబడుచున్నది. ఒకే కవి యొకే ఘట్టమునఁ బూవులను రెండు విధముల వాడినపుడు రెండింటికి నొకే విధమగు టీక చాలదు.

మాలతీజాతుల విషయము మఱింత జటిలమైనది. అమరసింహుఁడు సుమన, మాలతి, జాతి యను మూఁడింటిని బర్యాయములుగాఁ జెప్పెను. భాగవతమున మాలతియు జాతియు వేఱువేఱుగా సంబోధింపఁబడుటను బైనఁ జూచితిమి. కోశమునే ప్రమాణముగాఁ గొన్నచో శ్లోకమునఁ బునరుక్తి వచ్చును. శ్లోకమునే ప్రమాణముగాఁ గొన్నచోఁ గోశమునకు న్యూనత వచ్చును. రెంటికి నవాంతరభేదము కలదని చెప్పి సమన్వయించుటయే యుచితము. మన తోఁటలు నీ మార్గమునే సమర్థించుచున్నవి: తెలుఁగువారు జాజి, సన్నజాజి, విరజాజి యని యొక్క పేరుననే మూఁడు విధములుగా వ్యవహరించుచున్నారు గదా. ప్రజల నోట నిలిచిన యీ భేదమును టీకలో నెక్కించుటకు సంకోచ మెందులకు?

మాలతిని గూర్చి యాలంకారికుల నియమ మొకటి కలదు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందుఁ గవిసమయములను విభజించుచు, లోకమున నున్నను గావ్యమునఁ జెప్పరాని వానిలో వసంతమునందలి మాలతిని జేర్చెను. సాహిత్యదర్పణకారుఁడును వసంతమున జాతిని వర్ణింపరాదనెను. ఋతుసంహారమున మాలతి వర్షర్తువునందును శరత్తునందును గానవచ్చుచున్నది. రాజశేఖరుని వాక్యమును శ్రద్ధగాఁ జూడవలయును. వసంతమున మాలతి ‘లేదు’ అని యతఁ డనలేదు. ‘ఉన్నను జెప్పరాదు’ అనెను. అనఁగా నతఁడు తోఁట నెఱుఁగును, ఎఱిఁగియే నియమించెను. వసంతమునకు మాధవి మున్నగు పూవులు కలవు. వానకాలమునకును శరత్తునకును మాలతి ముఖ్యమైన సొమ్ము. ఏ ఋతువు పూవు నా ఋతువునకే విడిచినఁగాని యొక్క పూవు పేరుతో నొక్క ఋతువును స్ఫురింపఁజేయు శక్తి కవికి నిలువదు. కవిసమయము తోఁట నెఱుఁగనివాని కల్పన కాదు. తోఁటను జూచి కావ్యమునకై చేసికొన్న కట్టుబాటు.

ఇచ్చట నొక పూర్వపక్షము వచ్చును. “కావ్యప్రపంచము వేఱు, లోకము వేఱు. సుందరి పుక్కిటి మద్యమునఁ బొగడ పూచుననియు, పాదతాడనమున నశోకము పూచుననియుఁ జెప్పు కవుల వాక్యములకుఁ దోఁటలోని చెట్టుతో నేమి పని? చెట్టును జూపినచోఁ బద్య మసత్య మని విద్యార్థి నవ్వఁడా?” అని కొందఱందురు. ఈ యాక్షేపము తేలికైనది కాదు. కాని పొగడనే పరిశీలింతము. పొగడపూవు చిన్నది, తెల్లవాఱునప్పటికిఁ జెట్టుక్రింద రాలియుండును, నడుమ రంధ్ర ముండుటచేతఁ బిల్లలు సూది లేకయే దారమునఁ గూర్తురు, ఎండినపిదపఁ గూడఁ జాలనాళ్లు వాసన నిలుపుకొనును. వైద్యనిఘంటువులలో దీనికి ‘మధుగంధ’ మను పేరు కలదు. మధువు వాసనగల పూవును మధుగండూషముచేతఁ బూచినదిగాఁ గవులు భావించిరనుట యసంభవము కాదు. చెట్టును జూచిన విద్యార్థి పద్యమును జూచి నవ్వఁడు; ఏ యనుభవమునుండి యే కల్పన మొలిచినదో తెలిసికొని సంతోషించును.

తుమ్మెద సంపెంగను జేర దను కవిసమయమును నిట్టిదే. వసుచరిత్రములో రామరాజభూషణుఁడు దీనిని బట్టుకొని యొక యపూర్వకల్పన చేసెను. తేఁటి తన్ను నిరసించుటకు వగచి సంపెంగ తపము చేసి నాయిక నాసికగాఁ బుట్టిన దనియు, ఇరువంకలను గన్ను లను తుమ్మెదలను బొందిన దనియు నా పద్యభావము. ముక్కు తిమ్మన కా పేరు వచ్చుటకు నీ పద్యమే కారణ మనియు, అది మొదట నాతనిదే యనియు జనశ్రుతి కలదు. కాని పద్యము నిలిచియున్నది వసుచరిత్రమునందు. సంపెంగ కుటుంబపుఁ బూవులకుఁ బ్రధానముగాఁ బెంకుపురుగులు పరాగవాహకములని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కవిసమయము శాస్త్రమునుండి పుట్టిన దని నే ననుట లేదు. కాని యంత గాఢమైన సౌరభము గల పూవును దుమ్మెదతోఁ గూర్పక విడఁదీయుట నిర్హేతుక మని త్రోసివేయుటకు ముందు తోఁటలో నొకమాఱు నిలిచి చూడఁదగును.

కోశములను దోఁటతో సరిచూడవలసిన యావశ్యకత చెట్లపూవుల విషయమున మఱియు నెక్కువ. ‘కేసర’ శబ్దము అమరకోశమున మూఁడుచోట్ల వచ్చును: వకుళమునకు, పున్నాగమునకు, నాగకేసరమునకు. ‘చాంపేయ’ శబ్దము సంపెంగకును నాగకేసరమునకును గలదు. కాఁబట్టి కావ్యమునఁ గేసర మని యున్నచోఁ బొగడయా, పొన్నయా, నాగకేసరమా యని సందర్భమునుబట్టి నిర్ణయింపవలయును. గండూషదోహదము చెప్పఁబడినచోఁ బొగడ యనవచ్చును. చిన్నపూవు లనియు, రాలి నేల గప్పిన వనియు నున్నను బొగడయే యుచితము. పచ్చని పసిఁడివన్నె చెప్పఁబడినచోఁ జాంపేయము సంపెంగ యగును. ‘వృక్షవిశేషము’ అనుట యీ నిర్ణయమునుండి తప్పించుకొనుటయే.

మొగలిని గూర్చి కూడ నొకమాట చెప్పవలయును. కేతకి సంస్కృతమున స్త్రీలింగము. వర్షర్తువునఁ గేతకీపరాగమును జల్లని కవి యరుదు. కాని మొగలియందు మగచెట్టు, ఆఁడుచెట్టు వేఱువేఱుగా నుండును. పరిమళించు పొత్తియుఁ బుప్పొడియు మగచెట్టువి. ఆఁడుచెట్టునకుఁ గాయయే కాని యా సౌరభము లేదు. గంజాము తీరమున మొగలి యత్తరునకై కోయునవియు నీ మగపొత్తులే. వ్యాకరణమున స్త్రీయైనది తోఁటలోఁ బురుషుఁడైనది! ఇది కవుల దోషము కాదు, లింగము శబ్దధర్మము. కాని ముండ్లలో దాఁగియుండియు దూరమునుండి తన యునికిని జాటు గంధము, దులిపినఁ జేతి కంటు పుప్పొడి యెట్టివో చూచినవానికే కేతకీవర్ణనము పూర్తిగా నర్థమగును.

ఇంతవఱకుఁ దోఁటపక్షమున వాదించితిని. తోఁటయు మోసము చేయుట కలదని చూపుట కిఁకఁ బారిజాతమును దీసికొందును. పాఠశాలలలోఁ బారిజాతాపహరణమును బోధించునపుడు ప్రాంగణమునఁ బగడమల్లె చెట్టున్నచో దానిని జూపి “సత్యభామ కోరినపూవు ఇదియే” యనుట కద్దు. తెల్లని ఱేకులు, పగడమువంటి కాఁడ, మనోహరమైన పరిమళము గల యీ పూవును లోకము పారిజాత మనియే వ్యవహరించుచున్నది; దానికిఁ దప్పు లేదు. కాని యీ పూవు ప్రొద్దు గ్రుంకినపిదప విరిసి తెల్లవాఱునప్పటికి రాలిపోవును. 1753లో లిన్నేయసు దీనికి ‘దుఃఖవృక్ష’ మను నర్థము వచ్చు లాటిను పేరు పెట్టెను. అమరకోశమునఁ బారిజాతశబ్దము దేవతరువులయం దొకదానికిని, పారిభద్ర మను వేఱొక చెట్టునకును జెప్పఁబడినదే కాని యా రెండును బగడమల్లె కావు.

కోశవిరోధ మటుండనిండు, కావ్యవిరోధము దానికంటె గొప్పది. తిమ్మన కావ్యమున నారదుఁడు తెచ్చిన పూవు వాడనిది. అందువలననే సత్యభామ కంత పరిభవము తోఁచినది. రాత్రి విరిసి యుదయమున రాలు పూవు రుక్మిణికిఁ జేరినచో సత్య కొక్క రాత్రి యోర్చిన సరిపోయెడిది. వాడని పూవు సవతి కొప్పున నెల్లప్పుడు నుండు ననుటయే యా యలుకకు మూలము. ఒక్క పూవు చాలదు, చెట్టే తెచ్చి పెరట నాటవలయు నను పట్టుదలకును నదియే మూలము. పగడమల్లెను జూపి “ఇదియే” యని చెప్పిన క్షణముననే కథకు ఆధారమైన యీ గుణము మఱుగుపడును. అట్లని పగడమల్లెను జూపవద్దనను. చూపి, “లోకమున మనము పారిజాత మను పూ విట్లు తెల్లవాఱఁగానే రాలును; కవి చెప్పిన పూవు రాలదు; ఈ భేదమే కథకు బీజము” అని చెప్పవలయును. అపుడు రాలిన పూవే వాడని పూవునకు వ్యాఖ్యాన మగును.

పైయుదాహరణములవలన మూఁడు నియమము లేర్పడుచున్నవి. మొదటిది: పూవు పేరు ధ్వనికై వచ్చినదో, గుణముకై వచ్చినదో ముందు నిర్ణయింపవలయును. రెండవది: గుణముకై వచ్చినచో ఋతువు, వేళ, ఆకృతి, గంధము లను నాలుగింటిలోఁ బద్యమున కుపయోగించు దానిని టీకలోఁ జెప్పవలయును. మూఁడవది: కవి లోకమును దాఁటి చెప్పినచో నెచ్చట దాఁటెనో చూపవలయునే కాని కవిని దిద్దరాదు, లోకమును దాఁచరాదు. శరత్తున మల్లెను బూయించిన భాగవతమునకును, వాడని పూవును వర్ణించిన తిమ్మనకును నీ మూఁడవ నియమమే శరణ్యము.

ఈ పని కొత్తది కాదు. మనకంటె ముందు పరదేశీయులు కొంత చేసిరి. స్కాట్లాండునుండి వచ్చిన వైద్యుఁడు విలియం రాక్స్‌బర్గు సామర్లకోటలో నుండి మొక్కలను బెంచి పరిశీలించి, 1793లోఁ గలకత్తా వృక్షోద్యానమున కధికారియై వెళ్లెను. 1795 మొదలు 1820 వఱకు మూఁడు సంపుటములుగా వెలువడిన యాతని కోరమాండలు తీరవృక్షముల గ్రంథమున మున్నూఱు చిత్రపటములు కలవు. అతఁడు లాటిను పేరులతోఁ బాటు తెలుఁగుపేరులను గూడ నెక్కించెను. ఆ పేరులు పుస్తకములలోఁ బుట్టినవి కావు, ఈ తీరమునఁ జెట్లను జూపి పిలిచినవారి నోటినుండి వచ్చినవి. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువును, 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును, 1936లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువును శబ్దముల రూపసాధుత్వములను నిలిపి మన భాషకు మహోపకారము చేసినవి. వాని నాధారముగాఁ గొని, తోఁటలో నిలిచి సరిచూచి, కావ్యపాఠకుల కుపయోగించు పుష్పార్థవివరణము నొకదానిని సిద్ధము చేయుట మన వంతు.

అట్టి వివరణ మెంత పెద్దదిగా నుండవలయు నని భయపడ నక్కఱలేదు. ఒక్కొక్క పంక్తి చాలును. మల్లె: పొదగాఁ బెరుఁగు మొక్క, వేసవి పూత, సాయంకాలమున విరియును, తెలుపు, మిక్కిలి పరిమళము. మొల్ల: చలికాలపుఁ బూత, మొగ్గ దంతముల కుపమానము, వాసన స్వల్పము. జాజి: తీఁగె, వానకాలమున శరత్తున మెండు, కవిసమయమున వసంతమునఁ జెప్పరాదు. పొగడ: పెద్దచెట్టు, చిన్నపూవు, వేకువను రాలును, ఎండినను వాసన విడువదు, గండూషదోహదము. సంపెంగ: చెట్టు, పసిఁడివన్నె పూవు, నాసిక కుపమానము, తుమ్మెద చేర దని కవిసమయము. మొగలి: ముండ్లపొద, వానకాలపుఁ బొత్తి, పరిమళమును బుప్పొడియు మగచెట్టువి. ఈ యాఱు పంక్తులు వ్రాయుటకుఁ బట్టిన చోటు ‘పుష్పవిశేషము’ అని యాఱుమాఱులు వ్రాయుటకంటె నంత యధికము కాదు. ఫలభేదము మాత్రము చదువరి యెఱుంగఁగలఁడు.

మఱియొక హేతువు కూడ నున్నది. పెరటితోఁటలు తగ్గినకొలఁది యీ పేరులు నోటనుండి జాఱిపోవుచున్నవి. మల్లె జాజి యను పేరు లంగడిలోనైన మిగులును; మొల్ల, విరజాజి, సురపొన్న, పొగడ యను పేరులు కావ్యములలో మాత్రమే మిగులునట్లున్నవి. వాడుకలో నున్నంతకాలము టీక లేకున్నను బద్య మర్థమగును. వాడుక పోయినపిదప టీకయే దిక్కు. ఆ టీకలో ‘పుష్పవిశేషము’ అని మాత్రమే యున్నచోఁ బూవును బోవును, పద్యమును బోవును.

కాఁబట్టి కావ్యమును బోధించు పండితులు తమ పాఠశాల యావరణమున నొక మల్లెపొదను, ఒక మొల్లను, ఒక జాజితీఁగెను, చోటున్న నొక పొగడచెట్టును నాటింతురు గాక యని ప్రార్థించుచున్నాను. అవి మల్లినాథసూరి వ్యాఖ్యకుఁ దోడుపడు సజీవటీకలు. ఏఁటేఁట నా యా ఋతువున విద్యార్థికిఁ దమ యర్థమును దామే చెప్పును. ఇందలి నిర్ణయములలో గ్రాహ్యాగ్రాహ్యములను విజ్ఞులు విచారింతురు గాక.